తాళం వేసిన పద్దెనిమిది ఇళ్ళు

మారుజిల్లా నా పేరు చూపించింది.

సోమవారం ఉదయం పదకొండు గంటలు. తెర మీద పదిహేడు మంది చనిపోయినవాళ్ళ పేర్లు. వాటి కింద ‘మూలం’ అన్న గడి. ఆ గడిలో పొల్లు పోకుండా ఇలా ఉంది: ‘ఫారాలు 212 నుంచి 229. సర్వే చేసినవారు: పొట్నూరు హైమావతి.’ ఆ హైమావతిని నేనే. యూనివర్సిటీలో ముప్పై మూడేళ్ళుగా పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెబుతున్నదాన్ని. సామాజిక సమానత్వం మీద పదకొండు పుస్తకాలు రాసినదాన్ని. వచ్చే మార్చిలో రిటైరవుతున్నాను. ఆ పేరు మరెవరిదో అనుకుందామని ఒక నిమిషం ప్రయత్నించాను. ఇంటిపేరుతో సహా ఉంటే ఎలా అనుకుంటాం?

పదిహేడు పేర్లలో తొమ్మిదోది చదివాక ఇంక కింద ఉన్నవి చదవలేకపోయాను. ‘పైడమ్మ, ఇరవై ఏళ్ళు, ప్రసవం.’

పైడమ్మ నా కూతురు కౌముదిని కన్న తల్లి.

కౌముది అప్పుడు కింద క్యాంటీన్‌లో ఉంది. మారుజిల్లాను తయారుచేసింది తనే. ఏడేళ్ళ కష్టం. జిల్లాలో ప్రతి మనిషినీ, ప్రతి ఇంటినీ, నలభై ఏళ్ళ వర్షాన్నీ, బస్సు టైముల్నీ, ఆసుపత్రి చీటీల్నీ దాని కడుపులో పోసింది. అసలు జిల్లా పక్కన అలాంటిదే మరో జిల్లా ఆ యంత్రంలో బతుకుతూ ఉంటుంది. అందులోంచి ప్రభుత్వ నిర్ణయం ఒక్కటి తీసేసి, కాలాన్ని మళ్ళీ మొదటినుంచి నడిపిస్తే, ఎవరి బతుకు ఎలా మారేదో పేరుపేరునా చెబుతుంది. మూడు నెలల కిందట సరదాగా ఒక పాత బస్సు రూటు రద్దును తీసేసి చూశాం. నిజంగా బడి మానేసిన నలభై మంది ఆడపిల్లలు ఆ రెండో జిల్లాలో డిగ్రీ దాకా వెళ్ళారు. ఆ రోజు ల్యాబులో అందరం మిఠాయి తిన్నాం. మనది కాని తప్పు ఎంత పెద్దదైనా చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

ఈసారి పరీక్షకి పెట్టింది నా సూత్రాన్ని. ఏ ఊరికి ముందు ఆరోగ్య ఉపకేంద్రం ఇవ్వాలి, ఏ ఊరు ఆగగలదు అని లెక్క తేల్చే పద్ధతి అది. సెక్రటేరియట్‌లో దాన్ని ‘హైమావతి తూకం’ అంటారు. గురువారం కమిటీ కూర్చుని, వచ్చే ఇరవై ఏళ్ళకి రాష్ట్రమంతా అదే తూకం అని సంతకం పెట్టబోతోంది. రిటైర్మెంటు కానుకగా ఆ తూకం ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్క కట్టి నా చేతిలో పెట్టాలని నా కూతురి ఆశ. కాపాడింది కూడా. మా ఒక్క జిల్లాలోనే రెండువేల పైచిలుకు. ఒక్క మెరకపేట అనే పల్లె దగ్గర మాత్రం లెక్క తిరగబడింది; తూకాన్ని తీసేసి నడిపితే అక్కడ ఆ పదిహేడు మందీ బతికారు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడగానే తెర ఆర్పేశాను.

“వచ్చిందా అమ్మా?” అంది కౌముది, చేతిలో సమోసాల పొట్లంతో.

“లేదే. మధ్యలో ఆగిపోయినట్టుంది. రేపు చూద్దాం.”

జీవితంలో మొదటిసారి నా కూతురితో అబద్ధం చెప్పాననుకున్నాను. మొదటిది అది కాదని అప్పటికి నాకు తెలీదు.

* * *

ఇంటికొచ్చి వంకాయ కూర వండాను. ఉప్పు వేశానో లేదో గుర్తులేదు. కౌముది రెండు ముద్దలు తిని, “నీ బుర్ర అప్పుడే కమిటీ మీటింగులో ఉందమ్మా,” అని నవ్వి ఉప్పు డబ్బా తెచ్చుకుంది. దాని మొహం చూడలేకపోయాను.

ఆ సర్వే నాకు ఇరవై అయిదేళ్ళప్పటిది. పీహెచ్‌డీ కోసం. జిల్లాలో రెండొందల ఊళ్ళు తిరగాలి. జులై నెల. దిబ్బలపాడు ఊరికి కిలోమీటరు అవతల, గెడ్డ అనే పెద్ద వాగుకి ఇవతల ఒడ్డున, మెరకపేట. కూలి చేసుకునే వాళ్ళవి పద్దెనిమిది ఇళ్ళు. మా సర్వేకి నియమాలు రాసింది కూడా నేనే. ఇంటికి తాళం ఉంటే వేరే వేరే రోజుల్లో మూడుసార్లు వెళ్ళాలి. మూడుసార్లూ తాళమే ఉంటే ‘ఇక్కడ నివాసం లేదు’ అని రాసి ఆ ఇంటిని లెక్కలోంచి తీసేయాలి. మా గైడు ఆ నియమం చూసి భుజం తట్టారు. వేరే వాళ్ళయితే ఒక్కసారితో సరిపెట్టేవారన్నారు.

నియమం బాగానే ఉంది. మాకు టౌనుకి చివరి బస్సు నాలుగున్నరకి. మెరకపేట వాళ్ళు తెల్లారకుండా నాట్లకి పోయి చీకటి పడ్డాక వస్తారు. పొద్దున పదకొండుకి మూడుసార్లు వెళ్ళినా, ముప్పైసార్లు వెళ్ళినా అక్కడ కనబడేది తాళమే. ఆ ముక్క ఏ నాటు వేసే మనిషిని అడిగినా చెప్పేది. మేం అడగలేదు. చదువుకున్నవాళ్ళం కదా, నియమం ఉంటే చాలనుకున్నాం.

పద్దెనిమిది ఇళ్ళు లెక్కలోంచి పోయేసరికి మెరకపేట నా తూకంలో సున్నా అయింది. ఆ తూకం చూసి ప్రభుత్వం ఉపకేంద్రాన్ని గెడ్డ అవతల రామన్నవలసకి ఇచ్చింది. ఆ తరవాత ఏడో ఏట, ఆగస్టులో, గెడ్డ పొంగిన రోజు పైడమ్మకి నొప్పులొచ్చాయి. మంచం మీద మోసుకుని నీళ్ళ ఒడ్డున మూడు గంటలు నిలబడ్డారట. బిడ్డ దక్కింది.

అప్పుడు నేను ఆ చుట్టుపక్కలే మరో సర్వేలో ఉన్నాను. పెళ్ళి చేసుకోలేదు, చేసుకునే ఉద్దేశమూ లేదు. ఆసుపత్రిలో ఆ పసిదాన్ని చూశాను. ఆఫీసుల చుట్టూ ఎనిమిది నెలలు తిరిగి, పద్ధతి ప్రకారం దత్తత తీసుకున్నాను. జనం దేవతన్నారు. పేపర్లో ఫొటో వేశారు. చెప్పొద్దూ, ఆ మాట నాకూ నచ్చింది. బిడ్డని ఎత్తుకుని నేను ఆ ఊరికి మేలు చేశాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

కౌముదికి దత్తత సంగతి మొదటినుంచీ తెలుసు. మెరకపేటలో దాని అమ్మమ్మ అప్పలనర్సమ్మ ఉంది. ఏడాదికోసారి ఇద్దరం వెళ్ళి చీరా మందులూ ఇచ్చి వస్తాం. గెడ్డ వల్ల వాళ్ళమ్మ పోయిందని దానికి తెలుసు. గెడ్డ ఇవతల ఆసుపత్రి ఎందుకు లేదో తెలీదు. అది చెబితే నా కూతురు నాకు మిగలదు. చెప్పకపోతే గురువారం సంతకం పడుతుంది, రాష్ట్రంలో ఇంకెన్ని మెరకపేటలు సున్నా అవుతాయో ఆ దేవుడికే తెలియాలి.

* * *

మంగళవారం ఎనిమిదింటికే ల్యాబుకి వెళ్ళాను. కౌముది తొమ్మిదిన్నరకి గానీ రాదు.

నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. మారుజిల్లాలో పైడమ్మ బతికి ఉంటే, ఆమె కూతురు ఎలా ఉండేదో చూపించమన్నాను. ఆ పిల్ల అక్కడ చదువులేకుండా ఉండాలని, పదిహేనేళ్ళకే పెళ్ళయి చితికిపోయి ఉండాలని కోరుకున్నాను. అలా ఉంటే ‘చూశావా, నేను తెచ్చుకోబట్టే నీకీ బతుకు’ అనుకోవచ్చు. చెప్పేవి శ్రీరంగనీతులు అన్నట్టు, పదకొండు పుస్తకాలు రాసిన మనిషి ఒక పిల్ల ఆకలితో ఉండాలని దణ్ణం పెట్టుకుంది.

తెర మీద వరసగా వచ్చాయి. తల్లి: నలభై తొమ్మిదేళ్ళు, జీవించి ఉంది, డ్వాక్రా సంఘం లీడరు. కూతురు: ఇరవై తొమ్మిది, నర్సింగ్ చదివింది, రామన్నవలస కాదు, మెరకపేట ఉపకేంద్రంలోనే ఉద్యోగం. ఒక కొడుకు, రెండో తరగతి. సాయంత్రాలు తల్లితో కలిసి సంతకి వెళుతుంది.

నన్ను కూడా వెతికాను. ఆ జిల్లాలో హైమావతి ఉంది. ఇవే పుస్తకాలు, ఇదే యూనివర్సిటీ. ఇంట్లో మనుషులు అన్న గడిలో ‘ఒకరు’ అని ఉంది.

“ఏం చూస్తున్నావమ్మా?”

కౌముది ఎప్పుడొచ్చిందో నా వెనకే నిలబడి ఉంది. ఈసారి తెర ఆర్పడానికి చెయ్యి లేవలేదు. కుర్చీలోంచి లేచి దానికి చోటిచ్చాను.

అది పదిహేడు పేర్లూ చదివింది. మూలం చదివింది. ఆ రెండో బతుకు చదివింది. దాని పెదాలు తెల్లబడ్డాయి. ల్యాబులో ఏసీ గుర్రుమంటోంది, ఆ ఏసీ మీద నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

“నిన్ననే వచ్చింది కదూ?” అంది చివరికి.

“నిన్ననే.”

“ఆగిపోయిందన్నావు.”

“భయమేసిందే. నువ్వు వెళ్ళిపోతావని.”

అది రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చేతులు తీసి, ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేవాళ్ళలాగా అడిగింది.

“ఒక్కటి చెప్పు. మూడుసార్లు వెళ్ళారా?”

“వెళ్ళాం.”

“తాళాలు చూశారా?”

“చూశాం. నియమం ప్రకారమే చేశానే. ఒట్టు.”

నిజంగానే అన్నాను. ముప్పై ఆరేళ్ళుగా క్లాసుల్లో, సెమినార్లలో, పుస్తకం ముందుమాటలో ఆ మాట చెబుతూనే ఉన్నాను. మూడుసార్లు వెళ్ళడం అన్నది మా సర్వేకి నుదుటి బొట్టు.

కౌముది ఊపిరి వదిలింది. “అయితే తప్పు నియమానిది. నీది కాదు.” తనకి తాను నచ్చజెప్పుకుంటున్నట్టు ఇంకోసారి అంది. “నీది కాదమ్మా. ఇరవై అయిదేళ్ళ పిల్లవి. నియమం తప్పు, దాన్ని మారుద్దాం. కమిటీకి రాద్దాం, సాయంత్రం పూట మళ్ళీ సర్వే చేసేదాకా సంతకం వద్దని.”

నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి మంచులా ఉంది. అయినా పట్టుకుంది. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

ఇద్దరం కూర్చుని కమిటీకి ఉత్తరం రాశాం. ‘సర్వే పద్ధతిలోని పరిమితి వల్ల కొన్ని కుటుంబాలు లెక్కలోకి రాలేదు’ అన్న వాక్యం నాదే. అలాంటి వాక్యాలు రాయడంలో నా అంత పనితనం ఎవరికీ లేదు. చదివితే ఎవరూ ఏ తప్పూ చెయ్యనట్టుంటుంది. కమిటీ సెక్రటరీ పట్నాయక్ గారికి పంపించాను. ఆయన ఫోన్ చేసి, “మేడమ్, మీ నిజాయితీకి జోహార్లు,” అన్నారు. ఆ పొగడ్తకి కూడా లోపల ఎక్కడో సంతోషించాను. కుక్క తోక వంకర.

“అమ్మమ్మకి నువ్వే చెప్పాలి,” అంది కౌముది. “కమిటీ కన్నా ముందు తనకి తెలియాలి. చెప్పాక మనం తిరిగి ఇంటికొచ్చేద్దాం. ఎప్పటిలాగే ఉందాం.”

* * *

బుధవారం మధ్యాహ్నం మెరకపేట చేరాం. గెడ్డ మీద ఇప్పుడు వంతెన ఉంది. ఇళ్ళు చాలావరకు స్లాబులయ్యాయి. వీధి చివర అప్పలనర్సమ్మ ఇల్లు మాత్రం అదే రేకుల పాక. గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. మమ్మల్ని చూసి కంగారుగా లేచింది.

“ఒలమ్మా, ఇప్పుడొచ్చినారేటి? కబురైనా సెయ్యలేదు. నా గుంట సిక్కిపోనాదేటి?” అని కౌముది మొహం తడిమింది.

నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. యంత్రం సంగతి, తూకం సంగతి ఆమెకి అర్థమయ్యే మాటల్లో చెప్పాను. ఆసుపత్రి ఈ ఊరికి రావలసింది, మా సర్వేలో ఈ ఊరు లెక్కకి రాలేదు, అందుకే అటు పోయింది, అందుకే పైడమ్మ పోయింది అన్నాను. అప్పలనర్సమ్మ చింతపండు అంటిన వేళ్ళతోనే నిలబడి విన్నది.

“మీ అందరూ నాట్లకి పోయేవారు కదమ్మా. మేం మూడుసార్లు వచ్చాం. మూడుసార్లూ అన్ని ఇళ్ళకీ తాళాలే. తప్పయిపోయింది,” అని చేతులు జోడించాను.

ఆమె నా చేతుల వంక చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

“మూడు తడవలు ఎప్పుడొచ్చినావమ్మా?”

“వేరే వేరే రోజుల్లో...”

“ఒక్క తడవే వచ్చినావు,” అంది. “నాకు కాల్లో మేకు దిగి పొంగిపోనాది. నాట్లకి ఎల్లలేదు. ఇక్కడే, ఈ గుమ్మంలోనే కూకున్నాను. మా పైడి పక్కనే ఉంది, పదమూడేళ్ళ గుంట. వీధంతా మోకాళ్ళలోతు బురద. నువ్వు ఆ వీధి మొగన గొడుగేసుకుని నిలబడ్డావు. తెల్ల సెప్పులు. ఎవరో ఆపీసరమ్మ వచ్చినాదని నాను సెయ్యూపినాను. పైడి కూడా ఊపినాది.”

కౌముది నా వైపు తిరిగింది.

“నువ్వు సూసినావు తల్లీ. మా కాసి సూసి, పుస్తకంలో రాసుకుని, అటే ఎల్లిపోనావు. మళ్ళీ రాలేదు.”

అప్పుడు గుర్తొచ్చింది.

ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్ళూ, మొత్తం ఒక్కసారే వచ్చింది. వాన, బురద, నెల ఫెలోషిప్ డబ్బుతో కొన్న కొత్త చెప్పులు, వీధి మొదట్లో అయిదు తాళాలు. చివర గుమ్మంలో ఊగుతున్న రెండు చేతులు. అంత దూరం నడవాలా అనిపించడం. అందరికీ తాళమే కదా, ఆ ఒక్క ఇంటికోసం ఎందుకనుకోవడం. బస్టాండు పక్కన టీ కొట్టులో కూర్చుని రెండోసారి వెళ్ళిన తేదీ, మూడోసారి వెళ్ళిన తేదీ కలం మార్చి మార్చి నింపడం. కలం మార్చాలన్న తెలివి కూడా ఉంది నాకు ఆ రోజు. మారుజిల్లాకి నలభై ఏళ్ళ వానలు తెలుసు గానీ ఇది తెలీదు. అది నా ఫారాన్ని నమ్మింది. మూడుసార్లు అని ఉంటే మూడుసార్లనే అనుకుంది. అందరిలాగే, నాలాగే.

“పిల్లని తీసుకెళ్ళడానికొచ్చిన రోజే గురుతు పట్టినాను నిన్ను,” అంది అప్పలనర్సమ్మ. “సెప్పాలనిపించినాది. సెప్తే నువ్వు ఎల్లిపోతావని బయమేసినాది. పాలకి కూడా డబ్బుల్లేవు మా కాడ. నీ కాడుంటే గుంట బతుకుతాది కదా అని నోరు మూసుకున్నాను. ఇప్పుడు కూడా అనేదాన్ని కాదు. నువ్వు మూడు తడవలంటే ఊరుకోలేకపోనాను.”

నా కూతురి బతుకు కోసం ఆమె తన కూతురి చావుని దిగమింగి ఇరవై తొమ్మిదేళ్ళు నేనిచ్చిన చీరలు కట్టుకుంది.

“నిజమేనా?” అంది కౌముది.

మర్చిపోయాను అని చెప్పవచ్చు. అది కూడా నిజమే. కానీ ఆ జవాబు నా ఉత్తరంలోని వాక్యం లాంటిది.

“నిజమే. చూశాను. రాలేదు. మిగతా రెండు తేదీలూ దొంగవి.”

అక్కడే నిలబడి పట్నాయక్ గారికి ఫోన్ చేశాను.

“సార్, నిన్నటి ఉత్తరంలో పద్ధతి పరిమితి అని ఉంది. అది కొట్టేయండి. సర్వే చేసిన మనిషి ఇళ్ళకి వెళ్ళకుండానే తప్పుడు ఫారాలు నింపిందని రాయండి.”

“ఇంత పాత సంగతి ఇప్పుడెందుకు మేడమ్? ఆ ఇన్వెస్టిగేటరు ఎవరో, ఎప్పుడో రిటైరయిపోయి ఉంటారు.”

“ఇంకా కాలేదు సార్. మార్చిలో అవుతుంది. పేరు రాసుకోండి, చెబుతున్నాను.”

ఫోన్ పెట్టేసి చూస్తే కౌముది నా పక్కన లేదు. గుమ్మంలో అమ్మమ్మ పక్కన నేల మీద కూర్చుని ఉంది. చింతపండు పళ్ళెం తన ఒళ్ళోకి తీసుకుంది. పిక్కలు ఊడి రావడం లేదు. చిన్నప్పటినుంచి అది ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా, నా మనసు నొచ్చుకుంటుందనే కాబోలు, ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నా వైపు చూడకుండా అడిగింది.

“అమ్మమ్మా, మా అమ్మ ఎలా ఉండేది?”

అప్పలనర్సమ్మ ఒకసారి నా వైపు చూసి, తల దించుకుని, చెప్పడం మొదలుపెట్టింది. పైడమ్మకి జుట్టు మోకాళ్ళ దాకా ఉండేదట. నవ్వితే ఆగేది కాదట. నేను వీధిలో నిలబడి వింటున్నాను. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు.